మినియేచర్ బొమ్మల బేస్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాంటసీ మినియేచర్లకు రంగులు వేయడం మొదలుపెట్టినవాళ్ళు మొదట ముఖం గురించి, కవచం గురించి అడుగుతారు. కొన్నాళ్ళకు ప్రశ్నలన్నీ కాళ్ళ దగ్గరికి, అంటే బొమ్మ నిలబడే పలక అయిన బేస్ దగ్గరికి చేరతాయి. ఎక్కువగా వినబడేవాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి. చాలావరకు 28 నుంచి 32 మి.మీ. సైజు బొమ్మలను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

బేస్ మీద అంత శ్రమ అవసరమా? బొమ్మ బాగుంటే చాలదా?

ఈ బొమ్మలతో బల్ల మీద ఆట ఆడడానికైతే చాలు. కానీ బొమ్మ ఎక్కడ నిలబడిందో చెప్పేది బేసే. గొడ్డలి పట్టుకున్న మరుగుజ్జు వీరుడి కాళ్ళ కింద మంచు ఉంటే అతను కొండ దాటుతున్నాడు. తడి రాతి పలకలు ఉంటే గనిలోకి దిగుతున్నాడు. బొమ్మ మారలేదు, కథ మారింది. పైగా బల్లకు అవతల కూర్చున్నవాళ్ళకు మీరు ఊపిరి బిగబట్టి పెట్టిన కంటి చుక్క కనిపించదు, బేస్ మాత్రం కనిపిస్తుంది. పెట్టిన టైముకి ఇంత ఫలితం ఇచ్చే పని ఈ హాబీలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఏ సైజు కొనాలి?

బొమ్మను బట్టి కాదు, ఆటను బట్టి కొనాలి. ఈ ఒక్కటీ ముందు తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

పాత్రలు వేసుకుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పటం మీద ఒక గడి 5 అడుగులకు సమానం, బల్ల మీద అది ఒక అంగుళం. మనిషి సైజు పాత్రకు ఒక గడి, కాబట్టి 25 మి.మీ. బేస్ సరిపోతుంది. ఓగర్ లాంటి పెద్ద జీవికి రెండు గడుల వెడల్పు, అంటే 50 మి.మీ. దాని పై సైజుకి మూడు గడులు, మహాకాయ డ్రాగన్లకు నాలుగు. బేస్ గడి దాటితే పక్కవాడి బొమ్మ పట్టదు. అందుకే ఈ ఆటకు మరీ అలంకారంగా అంచు దాటి వెళ్ళే రాళ్ళు, కొమ్మలు పెట్టొద్దు.

సైన్యాలతో యుద్ధం ఆడే వార్‌హ్యామర్ ఆటల్లో దూరాలు బేస్ అంచు నుంచి కొలుస్తారు కాబట్టి సైజు నియమంలో భాగమే. వాటిలో ఒకటైన వార్‌హ్యామర్ 40,000 (40కె)లో స్పేస్ మెరీన్లు అనే సైనికులు చాలా ఏళ్ళు 25 మి.మీ. మీద నిలబడ్డారు. ఇప్పుడు మామూలు సైనికుడికి 32, బరువైన కవచం ఉన్న టెర్మినేటర్‌కి 40. గుర్రాలకు, వాహనాలకు కోడిగుడ్డు ఆకారం బేస్‌లు వస్తాయి: 60 బై 35, 75 బై 42, 90 బై 52, ఇలా పెద్దవవుతూ పోతాయి. పెట్టెలో వచ్చిన బేస్ వాడితే సమస్యే లేదు. 3డీ ప్రింట్ బొమ్మ అయితే ఆ ఆటలో దానికి సమానమైన బొమ్మ ఏ బేస్ మీద ఉందో చూసి అదే తీసుకోండి.

గుండ్రటివా, చదరపువా?

సైనికులు వరసలు కట్టి కదిలే ఆటకు చదరం, విడివిడిగా కదిలే ఆటకు గుండ్రం. 1983లో వచ్చిన వార్‌హ్యామర్ ఫ్యాంటసీ వరసల ఆట, అందుకే భుజం భుజం కలిసేలా చదరపు బేస్‌లు. 2015లో దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ వచ్చి అందరినీ గుండ్రటి బేస్‌లకు మార్చింది. పాత సైన్యాలున్నవాళ్ళు అప్పట్లో బాగా బాధపడ్డారు. 2024 జనవరిలో ఓల్డ్ వరల్డ్ అనే ఆటతో చదరాలు మళ్ళీ వచ్చాయి, కానీ పాత కొలతల్లో కాదు. 20 మి.మీ. మీద ఉన్న మనుషులు 25కి, 25 మీద ఉన్న ఆర్క్‌లు 30కి, గుర్రపు వీరులు 25 బై 50 నుంచి 30 బై 60కి పెరిగారు. పాత సైన్యం ఉంటే బొమ్మలు పీకేయకండి. పాత బేస్‌ చుట్టూ తొడిగే పలచటి చట్రాలు ప్రింట్ చేయించుకుని, అతుకు మీద ఇసుక పరిస్తే సరిపోతుంది.

నేను ఆట ఆడను, అల్మరాలో పెట్టుకుంటాను. అయినా ఈ లెక్కలన్నీ ఎందుకు?

మీకు అక్కర్లేదు. ఎత్తయిన చెక్క దిమ్మ తీసుకోండి. 1987లో మొదలైన గోల్డెన్ డెమన్ లాంటి పెయింటింగ్ పోటీల్లో చూస్తే ఇలాంటివే ఎక్కువ. కార్పెంటర్ దగ్గర టేకు ముక్కలు వృథాగా పోతుంటాయి, అడిగితే చదరంగా కోసి ఇస్తాడు. నున్నగా సాండ్‌పేపర్ కొట్టి పాలిష్ వేశాక, పైభాగం మీద మాత్రమే నేల కట్టండి. దిమ్మ వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉంటేనే చూపు బొమ్మ మీదికి వెళ్తుంది. వెడల్పు ఎక్కువైతే ఖాళీ నేలే కనిపిస్తుంది, దాన్ని నింపడానికి మళ్ళీ రాళ్ళు, చెట్లు వెతుక్కోవాలి.

బొమ్మ కాళ్ళ కింద ముందే చిన్న దిమ్మ ఉంది. కోసేయాలా?

మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలకు, పాత లోహపు బొమ్మలకు ఇలా ఉంటుంది. పాదాలు సన్నగా ఉంటే కోయొద్దు, చీలమండ దగ్గర విరుగుతుంది. దిమ్మతో సహా పెద్ద బేస్‌కి అతికించి, చుట్టూ ఎపాక్సీ పుట్టీతో వాలుగా నింపండి. ఎం-సీల్ చాలు, హార్డ్‌వేర్ షాపులో దొరికేదే. తడి వేలితో నున్నగా చేసి, గట్టిపడకముందే చిన్న రాయిని ఒత్తి తీస్తే నేల గరుకు అచ్చుపడుతుంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు అతుకుల్లో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెడతారు కదా, పని అదే.

1980ల నుంచి వచ్చిన కొన్ని బొమ్మలకు కాళ్ళ కింద సన్నటి పట్టీ, బేస్‌లో గాడి ఉంటాయి. పట్టీని గాడిలో దూర్చాక మిగిలిన సందు కూడా పుట్టీతోనే మూయాలి. మూయకపోతే ఇసుక లోపలికి జారి నేల మధ్యలో గీత పడుతుంది.

ముందు బొమ్మకు రంగా, ముందు బేసా?

రెండు దారులున్నాయి. పెద్ద సైన్యం అయితే బొమ్మను బేస్‌కి అతికించి, ఇసుక కూడా పరిచి, రెండింటికీ ఒకేసారి ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) కొట్టండి. కాళ్ళు గౌను కింద దాక్కున్న మంత్రగత్తె లాంటివాళ్ళకు బేస్ విడిగా చేసి చివర కలపడం మేలు. విడిగా చేస్తే పాదంలో చిన్న రంధ్రం చేసి పేపర్ క్లిప్ తీగ ముక్క పెట్టండి. 1 మి.మీ. చేతి డ్రిల్ చాలు. రంగు మీద రంగు అతికిస్తే జిగురు పట్టు ఉండదు, ఆ తీగే బొమ్మను పట్టుకుంటుంది. గడ్డి మాత్రం ఏ దారిలోనైనా ఆఖరున.

ఎంత సైజు రాళ్ళు వాడాలి? నావి ఎప్పుడూ ఏదోలా కనిపిస్తాయి.

ఎక్కువ బేస్‌లు చెడేది ఇక్కడే. 28 మి.మీ. బొమ్మ అంటే సుమారుగా కంటి ఎత్తు వరకు కొలత. మామూలు మనిషి కళ్ళు నేల నుంచి 165 సెం.మీ. ఎత్తులో ఉంటాయనుకుంటే, బేస్ మీద 1 మి.మీ. నిజజీవితంలో దాదాపు 6 సెం.మీ. ఈ లెక్క పెట్టుకుని చూడండి. మీరు సన్న ఇసుక అనుకున్న 1 మి.మీ. రేణువు, బొమ్మకు కాలికి తగిలే గులకరాయి. 5 మి.మీ. కంకర ముక్క అడుగు పొడవున్న బండ. ఇల్లు కట్టే ఇటుక పొడవు 4 మి.మీ.కి మించదు. 6 మి.మీ. గడ్డి మోకాలి కిందికి వస్తుంది, 12 మి.మీ. గడ్డి తొడ దాకా.

అందుకే బేస్ అంతా ఒకే సైజు ఇసుక పోస్తే ఆ నేల నదిలోని గులకరాళ్ళ గుట్టలా కనిపిస్తుంది. నిజమైన నేలలో మెత్తటి మట్టి ఎక్కువ, కంకర కొంచెం, రాళ్ళు అక్కడక్కడ. పిండి జల్లెడతో, టీ వడకట్టుతో ఇసుకను మూడు రకాలుగా విడగొట్టి డబ్బాల్లో పెట్టుకోండి. పెద్దది ముందు, గుంపుగా, ఒక పక్కకి. దాని చుట్టూ మధ్యరకం. మిగతా నేలంతా సన్నది. రాయిని బేస్ సరిగ్గా మధ్యలో పెట్టే అలవాటు మానండి. రాళ్ళు సమాన దూరాల్లో ఉంటే తోటమాలి పేర్చినట్టుంటుంది.

ఇసుక అతికించి రంగు వేసే పద్ధతి చెప్పండి.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, పాత బ్రష్‌తో పూసి, బేస్‌ని ఇసుకలో ముంచి దులపండి. రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు జిగురు, నీళ్ళు సమానంగా కలిపి పైన ఒక పలచటి పూత ఇస్తే రేణువులు రాలవు. సముద్రపు ఇసుక అయితే ముందే మంచినీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి ఎండబెట్టాలి, ఉప్పు ఉంటే తర్వాత తెల్లగా పైకి వస్తుంది.

రంగు సులువు. ముదురు గోధుమ రంగు అంతటా. అది ఆరాక నలుపు, గోధుమ కలిపిన నీళ్ళలాంటి వాష్ పోస్తే సందుల్లోకి దిగి నీడలు వస్తాయి. పూర్తిగా ఆరాక డ్రై బ్రష్: బ్రష్‌కి లేత గోధుమ అద్ది, టిష్యూ మీద దాదాపు అంతా తుడిచేసి, ఇసుక పైకొసల మీద మాత్రమే ఆడించాలి. చివర ఎముక రంగుతో ఇంకా తేలికగా ఒక్కసారి, రాళ్ళ అంచుల మీద.

ఇసుక ఎలాగూ మట్టి రంగేగా, రంగు ఎందుకని కొందరు వదిలేస్తారు. వదిలేస్తే చక్కగా నీడలు దిద్దిన బొమ్మ పక్కన నేల బోసిగా, వేరే ప్రపంచంలోదిగా తేలిపోతుంది. వేయండి.

విదేశీ సామాను ఖరీదు. ఇంట్లో దొరికేవి ఏం వాడొచ్చు?

చాలానే ఉన్నాయి. స్టేషనరీ షాపు కార్క్ షీట్‌ని చేత్తో తుంచితే పొరలు పొరలుగా విరిగి అచ్చం బండరాయిలా ఉంటుంది. కత్తెరతో కోస్తే మాత్రం కార్క్‌లానే ఉంటుంది. వేప, చింత చెట్టు నుంచి రాలిన బెరడు ముక్కలు కొండచరియలకు బాగుంటాయి. కొబ్బరి పీచు ఎండుగడ్డికి, వేళ్ళకు, తాళ్ళకు ఉపయోగపడుతుంది. నాలుగు పోగులు కట్టి మొదలు జిగురులో ముంచి, ఆరాక కోస్తే రెల్లు దుబ్బు తయారు. వడకట్టిన టీ పొడిని బాగా కడిగి, ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి వాడితే అడవిలో రాలిన ఆకుల పొర వస్తుంది. తడి ఉంటే బూజు పడుతుంది.

తినే వస్తువులు వద్దు. రవ్వని ఇసుకలా, ఆవాలని గులకరాళ్ళలా వాడమని సలహాలు వింటుంటాం. మన వాతావరణంలో చీమలు, పురుగులు వాటిని వదలవు.

డబ్బు పెట్టి కొనదగ్గవి రెండే: మంచి గడ్డి కుచ్చులు, ఒక డబ్బా పగుళ్ళ పేస్ట్. సిటడెల్ బ్రాండ్‌లో ఆగ్రెలన్ ఎర్త్ అనే పేస్ట్ ఆరేకొద్దీ నెర్రెలు ఇస్తుంది, ఎండాకాలంలో ఎండిన చెరువు అడుగులా. మందంగా పూస్తే పెద్ద నెర్రెలు, పలచగా పూస్తే చిన్నవి. గరుకు ఉపరితలం మీద పూస్తే పగుళ్ళు సరిగ్గా విచ్చుకోవు, కింద నున్నటి వార్నిష్ పూత ఉండాలి.

నేలకి ఏ రంగు ఎంచుకోవాలి?

బొమ్మలో లేని రంగు. ఎర్ర అంగీ మంత్రగాడిని ఎర్రమట్టి మీద నిలబెడితే అంగీ అంచు ఎక్కడ ఆగిందో తెలియదు. బొమ్మ వెచ్చటి రంగుల్లో ఉంటే బూడిద రాయో, మంచో పెట్టండి. నీలం కవచం వీరుడికి ఎర్రనేల అదిరిపోతుంది. బొమ్మ ముదురుగా ఉంటే నేల లేతగా, లేతగా ఉంటే ముదురుగా.

రంగు నమూనాలకు ఊరవతల పొలం చాలు. మన నల్లరేగడి ఎండినప్పుడు నలుపు కాదు, ముదురు బూడిద. తడిస్తేనే నల్లబడుతుంది. ఈ తేడా బేస్ మీద చూపిస్తే వాన కురిసి వెలిసినట్టు తెలుస్తుంది. పాడుబడిన కోట కావాలంటే ఓరుగల్లు కోటలో నేల మీద పడి ఉన్న చెక్కడపు రాళ్ళని చూడండి. ఐరోపా కోటల ముక్కలే ఎందుకు పెట్టాలి? విరిగిన స్తంభం, సగం తామరపువ్వు, సందుల్లో గడ్డి ఉంటే ఏ రాక్షసుడి కాళ్ళ కిందైనా ఒప్పుతాయి.

గడ్డి ఎలా పెట్టాలి? చల్లే గడ్డి మంచిదా, కుచ్చులు మంచివా?

కొత్తవాళ్ళకు కుచ్చులే. వెనక జిగురుతో వస్తాయి, అయినా ఒక చుక్క సూపర్ గ్లూ వేయండి, లేకపోతే కొన్ని నెలలకు లేస్తాయి. స్టాటిక్ గ్రాస్ అంటే సన్నటి నైలాన్ పోగులు. స్థిర విద్యుత్తు ఇచ్చే చేతి పరికరంతో చల్లితే నిటారుగా నిలబడతాయి, ఉత్త చేత్తో చల్లితే పడుకుంటాయి. రంగు పొట్టుతో చేసే ఫ్లాక్ ఇప్పుడు పాతకాలపు పద్ధతి.

గడ్డి రాయి మొదట్లో, గోడ పక్కన, దారి అంచున మొలుస్తుంది. బొమ్మ అడుగు పడే చోట మొలవదు. పెద్ద కుచ్చు పక్కన చిన్నది, పచ్చదాని పక్కన ఎండినది పెడితే సహజంగా ఉంటుంది. 32 మి.మీ. బేస్‌కి మూడు కుచ్చులు మించితే బొమ్మ పొదలో నుంచి వస్తున్నట్టే.

మంచు కోసం వంటసోడా వాడొచ్చా?

మొదటి నెలలో బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత జిగురుతో కలిసి పసుపు తిరిగి, పొడిపొడిగా రాలుతుంది. రెడీమేడ్ మంచు పేస్ట్ కొనండి. గాజు పొడి రకాలు వాడితే మాస్క్ తప్పనిసరి. మంచు కింద నేలకు లేత నీలం పూస్తే పొర లోతుగా కనిపిస్తుంది. గాలి ఒక వైపు నుంచి వీస్తుందనుకుని, రాళ్ళకు ఒక పక్కే పేర్చండి.

నీళ్ళు, బురద, లావా ఎలా చేయాలి?

బురద అన్నిటికన్నా సులువు: ముదురు గోధుమ రంగు నేల మీద మెరిసే వార్నిష్, గుంటల్లో రెండు పూతలు. నీళ్ళకు రెండు భాగాలు కలిపితే గట్టిపడే పారదర్శక రెసిన్ కావాలి. పోయకముందే అడుగు రంగు పూర్తి కావాలి, మధ్యలో ముదురు ఆకుపచ్చ, ఒడ్డుకు వచ్చేకొద్దీ లేత మట్టిరంగు. బేస్ చుట్టూ టేప్ గట్టిగా చుట్టి, డబ్బా మీద రాసిన మందానికి మించకుండా పొరలుగా పోయండి. ఒకేసారి పోస్తే వేడెక్కి బుడగలు వస్తాయి. గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

లావాలో చాలామంది వెలుగుని తప్పు చోట వేస్తారు. మామూలుగా ఎత్తయిన చోట లేత రంగు వేస్తాం. లావాలో వెలుతురు లోపలి నుంచి వస్తుంది కాబట్టి పగుళ్ళ అడుగున తెలుపు, పసుపు, అంచులకు నారింజ, ఎరుపు, పైన పెంకు నలుపు. ఆ వెలుగు బొమ్మ కాళ్ళ మీద కింది నుంచి పడకపోతే లావా ఉత్త రంగు నీళ్ళలా ఉంటుంది.

అంచుకి ఏ రంగు?

నలుపు లేదా ముదురు గోధుమ, సైన్యమంతటికీ ఒక్కటే. 1990ల్లో సిటడెల్ బొమ్మల అంచులు పచ్చగా మెరిసేవి, ఆ రంగు పేరే గోబ్లిన్ గ్రీన్. పాత రుచి ఇష్టమైనవాళ్ళు ఇప్పటికీ అదే వేస్తారు. ఏ రంగైనా అంచు మీద ఇసుక రేణువు, వాష్ మరక ఉండకూడదు. అంచు శుభ్రంగా ఉంటే మామూలు బేస్ కూడా పూర్తయిన పనిలా కనిపిస్తుంది.

బొమ్మ మాటిమాటికీ పడిపోతోంది.

బేస్ అడుగున ఇనుప వాషర్ అతికించండి. చిన్న నియోడిమియం అయస్కాంతం పెడితే ఇంకా మంచిది, స్టీలు ట్రేలో పెట్టి ఎక్కడికైనా మోసుకెళ్ళవచ్చు. అయస్కాంతం బేస్ కింది అంచు కన్నా అర మిల్లీమీటర్ లోపలికి ఉండాలి, లేకపోతే బేస్ ఊగుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో విడి అయస్కాంతాలు వాళ్ళకు అందనివ్వొద్దు, మింగితే ప్రాణాపాయం.

నలభై బొమ్మల సైన్యానికి ఇవన్నీ చేయాలా?

వద్దు. ఇసుక, మూడు రంగులు, ఒక రకం కుచ్చు చాలు. ఏ డబ్బా ఏ వరసలో వాడారో కాగితం మీద రాసి దాచండి. ఏడాది తర్వాత పది బొమ్మలు కలిపినప్పుడు అదే కాగితం ఆదుకుంటుంది. సేనాపతికి మాత్రం కార్క్ రాయి మీద కాస్త ఎత్తు ఇవ్వండి. రాళ్ళు, పుర్రెలు, విరిగిన కత్తులు అన్నీ అతనికే దాచండి. అందరికీ పంచితే ఎవరూ కనిపించరు.

వార్నిష్ కొట్టాక అంతా తెల్లబడింది, ఎందుకు?

రెండు కారణాలు ఉండొచ్చు. వానాకాలం తేమలో స్ప్రే కొడితే పొగమంచులాంటి పొర పడుతుంది. ముసురు పట్టిన రోజున డబ్బా ముట్టుకోకండి, బ్రష్‌తో పూసే వార్నిష్ వాడండి. రెండోది సూపర్ గ్లూ: ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న రంగు మీద తెల్లగా పేరుకుంటుంది, మూసిన డబ్బాలో పెడితే మరీ ఎక్కువ. గాలి ఆడే చోట ఆరనివ్వండి.

వరస కూడా ముఖ్యం: ముందు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్, ఆ తర్వాతే నీళ్ళు, బురద, గడ్డి. మ్యాట్ పడితే నీటి మెరుపు పోతుంది, గడ్డి బిరుసెక్కుతుంది.

గడ్డిలో దుమ్ము పట్టింది. కడగొచ్చా?

కడగొద్దు. తెల్ల జిగురు నీటికి మెత్తబడుతుంది. మెత్తటి మేకప్ బ్రష్‌తో దులపండి, మొండి దుమ్ముంటే కెమెరా లెన్స్‌కి వాడే రబ్బరు బల్బుతో ఊదండి. కుచ్చు ఊడి వస్తే పాత జిగురు గీకేసి కొత్తది అతికించండి.